బేకరీ బండిలో గలగల

మా తమ్ముడి కూతురు మొదటిసారి నెగ్గింది ఒక స్కూలు బస్సు మీద. అప్పటికి మెకానిక్ షెడ్డులో చేరి ఏడాది దాటినా, ఆడపిల్ల అని దానికి పార్టులు కడిగే పని తప్ప ఇంకోటి ఇవ్వలేదు. కిరసనాయిలు తొట్టి దగ్గర కూర్చుని కడిగీ కడిగీ వేళ్ల చర్మం ఊడిపోయేది. ఆ రోజుల్లో ఆ బస్సు ఇంజన్‌కి ఒక చప్పుడు పట్టుకుంది. కీచుమని మొదలై టకటకమని ఆగేది. పెద్ద మేస్త్రీలు తలో మాటా చెప్పి, చివరికి ఇంజన్ మొత్తం దించాల్సిందే అని తేల్చారు. మా పిల్ల తొట్టి దగ్గర్నుంచి లేచి వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి, పిడి తన చెవికి ఆనించి, ఒక్కో చోటే వింటూ పోయి, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ దగ్గర ఆగింది. "దీని బేరింగు పోయింది. ఇంజన్‌కేం రోగం లేదు" అంది. అందరూ నవ్వారు. బెల్టు తీసి చూడమంది. తీస్తే చప్పుడు పోయింది. మర్నాటి నుంచి దాని చేతికి పానా ఇచ్చారు.

ఈ సంగతి నా నోట వినని మనిషి మా వీధిలో లేడు. నేను ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, పిండిమర నడిపి బతికినవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఒకరి గింజ ఇంకొకరి సంచిలో పడనివ్వలేదని పేరు తెచ్చుకున్నాను. మర రాయి అరిగిందంటే చప్పుడు విని చెప్పేవాణ్ణి. మా పిల్లకి ఆ చెవి నా నుంచే వచ్చిందని మా మరదలితో వాదిస్తుంటాను.

"చెవి ఒక్కటేనా బావగారూ, ఆ నోరు కూడా మీదే" అంటుంది మరదలు.

చాలాకాలం ఆ మాట పొగడ్త కిందే జమ కట్టుకున్నాను.

ఆ తర్వాత దాని విజయాలు చెప్పాలంటే పొద్దు చాలదు. సొంతంగా షెడ్డు పెట్టింది. ఆసుపత్రి వాన్ నడిరోడ్డు మీద ఆగిపోతే, లోపల రోగి ఉండగానే, తన జడకి ఉన్న రబ్బరు బ్యాండు తీసి పైపుకి చుట్టి వాన్‌ని ఆసుపత్రి గేటు దాటించింది. ఇంజన్ రోగాన్ని ఫోన్లోనే విని చెప్పేది. వీటన్నిటికంటే నేను ఎక్కువగా చెప్పుకున్నది షెడ్డు గోడ మీది బోర్డు గురించి.

ఆ బోర్డు మీద ప్రతి పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. సుత్తి చోట సుత్తి బొమ్మ, పానా చోట పానా బొమ్మ. సాయంత్రం ప్రతిదీ తన బొమ్మ మీదికి చేరాలి. ఒక్క చోటు ఖాళీగా ఉన్నా ఎవరూ ఇంటికి పోకూడదు, ఏ బండీ గేటు దాటకూడదు. పనిముట్లు మారిపోకుండా వాటి మీద నీలం రంగుతో తనే సన్నగా గీత గీసింది. వేరే షెడ్లవాళ్లు వచ్చి ఆ బోర్డు చూసి వెళ్లేవారు. నేను పక్కన నిలబడి వివరించేవాణ్ణి.

దాని దగ్గర పనిచేసే మేస్త్రీని అందరూ నిదానం అని పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూసేవాడు కాదు. వయసులో మా పిల్ల కంటే పెద్ద. బోల్టు బిగించాక వేలితో ఒకసారి తడిమి, మళ్లీ బిగించి, మళ్లీ తడిమేవాడు. మా పిల్ల సొంత షెడ్డు పెట్టుకున్నప్పుడు పాత షెడ్డు వదిలి దాని వెంట వచ్చినవాడు ఆయనొక్కడే.

"అన్నా, ఆ బండి ఇవాళ ఇస్తావా, దాని ఓనరుకి మనవళ్లు పుట్టాక ఇస్తావా?" అని మా పిల్ల ఆటపట్టించేది.

"మనవళ్లు ఎక్కేదాకా నడవాలి కదమ్మా బండి" అనేవాడు ఆయన.

ఒక సాయంత్రం నేను షెడ్డుకు వెళ్లేసరికి బోర్డు మీద ఒక చోటు ఖాళీగా ఉంది. పదో నంబరు సాకెట్టు. బోల్టు తలకి టోపీలా తొడిగి తిప్పే చిన్న ఉక్కు గొట్టం అది, బొటనవేలంత ఉంటుంది. ఇంజన్ పనిలో అది లేకపోతే గంట గడవదు. బల్లల కింద వెతికారు, తొట్టి వంపి చూశారు, చెత్తడబ్బా బోర్లించారు. దొరకలేదు. మా పిల్లకి పట్టుదల పెరిగిపోయింది. అంతకు రెండు వారాల ముందే ఒక కటింగ్ ప్లయరు కూడా పోయింది. ఎలా పోయిందో తెలియక, కొత్తది కొని పెట్టారు.

"ఇంకేం మిగిలింది వెతకడానికి? మనుషులు మిగిలారు" అంది.

నిదానం నవ్వబోయి ఆగిపోయాడు. అది వేళాకోళం కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది. మా పిల్ల నేరుగా వెళ్లి మేకుకు తగిలించిన ఆయన సంచి తీసి, పనివాళ్లందరి ముందూ బల్ల మీద బోర్లించింది. అన్నం డబ్బా పడింది. తువ్వాలు పడింది. చివరగా పట్టీ తెగిన ఆడమనిషి చెప్పు ఒకటి పడింది. దారిలో కుట్టించమని భార్య ఇచ్చిందట. ఆ చెప్పు బల్ల మీద గ్రీజు మరకల మధ్య పడి ఉంటే, చూసినవాళ్లంతా తలలు తిప్పుకున్నారు.

సాకెట్టు లేదు. అయినా మా పిల్ల తగ్గలేదు.

"మధ్యాహ్నం ఒకసారి ఇంటికెళ్లొచ్చావుగా అన్నా. ఇంకా సంచిలోనే ఉంటుందా ఏంటి?"

ఆయన చెప్పుని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అన్నం డబ్బా పెట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆ నిదానమే. గుమ్మం దగ్గర తిరిగి, "దొరికాక ఒక్క మాట చెప్పమ్మా" అని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. మా పిల్ల కొత్త సాకెట్టు కొని, దానికీ నీలం గీత గీసి, ఖాళీ పూడ్చేసింది.

కొన్నాళ్లకి బేకరీ ఆయన షెడ్డుకొచ్చాడు. చిన్న కారు ఆయనది. వెనక సీట్లు తీసేసి రొట్టెల ట్రేలు పేర్చుకుంటాడు.

"అమ్మాయ్, నా ఇంజన్లో ఎవరో డబ్బాలో గోలీలు పోసి ఊపుతున్నట్టుంది" అన్నాడు.

"ఎప్పుడొస్తోంది?"

"పొద్దున రొట్టెలు ఎక్కించేటప్పుడు."

"మీ ట్రేల చప్పుడై ఉంటుంది."

"ట్రేలు ఎక్కించకముందే మొదలవుతోంది. నా ట్రేల గొంతు నాకు తెలీదా?"

షెడ్డులో ఇంజన్ స్టార్ట్ చేస్తే గలగలా లేదు, గులగులా లేదు. సైలెన్సర్ మీది రేకు వదులైందని బిగించి పంపింది. రెండ్రోజులకి ఆయన మళ్లీ వచ్చాడు.

"మళ్లీ వచ్చారేంటి బాబాయ్?"

"దాన్ని నీకు అప్పజెబుదామని తీసుకొచ్చానమ్మా. నీ గేటు చూడగానే దిగి పారిపోయింది. నువ్వంటే దానికి భయం."

ఈసారి మా పిల్ల ఇంజన్ ముందు కవరు తీసి, లోపలి గొలుసును బిగువుగా పట్టి ఉంచే భాగం మార్చింది. ఆ భాగం బాగానే ఉంది, అయినా మార్చింది. తనకి వినపడని చప్పుడు ఉంటుందని ఒప్పుకోవడం దానికి కష్టంగా ఉంది. బేకరీ ఆయన మూడోసారి వచ్చినప్పుడు మాత్రం, "రేపు పొద్దున నేనే మీ దగ్గరికి వస్తాను" అంది.

నేను రోజూ రొట్టె కొనేది అక్కడే కాబట్టి ఆ పొద్దున నేనూ ఉన్నాను. ఆ సందు ఇరుకు. వేరే బండ్లకి దారి వదలడానికి బేకరీ ఆయన రెండు చక్రాలు పేవ్‌మెంట్ మీదికి ఎక్కించి కారు నిలుపుతాడు. ఇంజన్ ఆపడు. కారు ఒక పక్కకి ఒరిగి నిలబడింది. గలగల మొదలైంది.

మా పిల్ల కళ్లు మూసుకుంది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి బెల్టు చక్రాలు విన్నది, నీళ్ల పంపు విన్నది, గొలుసు కవరు విన్నది. అన్నీ తమ పని తాము చేసుకుంటున్నాయి. అప్పుడు ఖాళీ పిండి బస్తా ఒకటి పరుచుకుని బండి కిందికి దూరింది. ఇంజన్‌ని మోసే అడ్డదూలం ఒకటి ఉంటుంది కింద. బోలుగా, డబ్బాలా, అక్కడక్కడా కన్నాలతో ఉంటుంది. స్క్రూడ్రైవర్ దానికి ఆనించగానే తల వెనక్కి లాక్కుంది.

"బాబాయ్, బండి పేవ్‌మెంట్ దించండి" అని అరిచింది. దించితే చప్పుడు ఆగింది. ఎక్కిస్తే మళ్లీ మొదలైంది.

మా పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఇంజన్లో ఏం లేదు బాబాయ్. ఈ దూలంలో ఏదో పడింది. బండి ఒరిగితే ఒక మూలకి దొర్లి, ఇంజన్ ఊపుకి ఎగురుతోంది. మా షెడ్డు నేల చదును కాబట్టి అక్కడ కదల్లేదు" అంది. రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా వంగి చూస్తున్నారు. నేను ఛాతీ విరుచుకుని, స్కూలు బస్సు కథ అప్పుడే ఒకాయనకి మొదలుపెట్టాను.

తీగకి అయస్కాంతం కట్టి కన్నంలోంచి లోపలికి దింపింది. టక్కున ఏదో అంటుకుంది.

"దొరికాడు బాబాయ్ మీ దొంగ" అంటూ నవ్వుతూ బయటికి లాగింది.

తీగ చివర సాకెట్టు. పదో నంబరు. నూనె మురికి కింద నీలం గీత.

నా కథ సగంలో ఆగిపోయింది. మా పిల్ల బస్తా మీద పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. సాకెట్టు పోయిన రోజు మధ్యాహ్నం తను చేసింది ఈ కారు పనే. రొట్టెలు చల్లారిపోతున్నాయని బేకరీ ఆయన తొందరపెడితే, బోర్డు నిండిందో లేదో చూడకుండా తనే గేటు తీసి పంపింది. తన నియమం తనే తప్పింది. ఆ సాయంత్రం షెడ్డంతా వెతికింది, ఒక మనిషి సంచి కూడా వెతికింది, గేటు దాటిన బండి మాత్రం గుర్తు రాలేదు.

బేకరీ ఆయన దెప్పే మనిషి కాదు. అయినా మెల్లగా అన్నాడు: "నిదానం వాళ్లావిడ మా దగ్గరే రొట్టె కొనేదమ్మా. ఆ తర్వాత మా కొట్టు ముందు నుంచి నడవడం కూడా మానేసింది."

మా పిల్ల సాకెట్టు చొక్కా జేబులో వేసుకుని షెడ్డుకు వెళ్లింది. పనివాళ్లని పిలిచి జరిగింది చెప్పింది. కొత్త సాకెట్టు బోర్డు మీంచి తీసేసింది. పాతది పెట్టలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచమంది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఇంకో సంగతి అప్పుడు చెప్పింది. అది వింటుంటే నా తల తీసేసినట్టయింది. నిదానం వేరే షెడ్డులో పని అడిగితే, ఆ ఓనరు దీనికి ఫోన్ చేశాడట. "పనిమంతుడే. చేతివాటం ఒక్కటి చూసుకోండి" అని చెప్పిందట. ఆ పని ఆయనకి రాలేదు. ఊరే వదిలి, తన వదినగారి ఊళ్లో రేవు దగ్గర పడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు.

పిండిమర దగ్గర నేను దాచుకున్న పేరంతా ఆ కంచం ముందు పొట్టులా ఎగిరిపోయినట్టనిపించింది. "ఫోన్ చేసి చెప్పెయ్యవే" అన్నాను.

"సంచి ఫోన్లో దులిపానా పెదనాన్నా?" అంది.

మరదలు లేచి దాని బట్టలు సర్దింది.

మా పిల్ల ముందు ఆ ఓనరు దగ్గరికి వెళ్లింది. పనివాళ్ల ముందే చెప్పింది, తను అన్నది అబద్ధమని, సాకెట్టు తన చేతి నుంచే జారిందని. "ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆ పనిలో వేరేవాణ్ణి పెట్టుకున్నాను" అన్నాడాయన. అక్కణ్ణుంచి బస్సెక్కి రేవుకు వెళ్లింది.

నిన్న ఫోన్ చేసింది. దాని గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. నిదానం సాకెట్టు చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, నీలం గీత చూశాడట.

"ఎక్కడుంది?"

"బేకరీ బండి కింద, అడ్డదూలంలో."

"ఊఁ. ఆ బోల్టు దగ్గర చెయ్యి జారుతుంది" అన్నాడట. అంతే.

పడవలవాళ్ల ముందూ, ఆయన భార్య ముందూ తను చేసిందంతా చెప్పిందట మా పిల్ల. ఆవిడ అంతా విని, "చెప్పు తెగితే కుట్టించుకోవడం కూడా తప్పేనని మాకు అప్పటిదాకా తెలీదమ్మా" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుందట. మా పిల్ల గుమ్మం బయటే నిలబడి తిరిగి పనిలోకి రమ్మని ఆయన్ని అడిగిందట. ఆయన ఔననలేదు, కాదనలేదు. పడవ ఇంజన్ ఒకటి విప్పి ఉంది. "పడవ నీళ్లలోకి దిగాక మాట్లాడదాం. చెయ్యి ఖాళీగా ఉంటే ఆ చివర పట్టుకో" అన్నాడట. పట్టుకుంది. పగలు ఆయన దగ్గర పనిచేస్తోంది. పార్టులు కడుగుతోందట.

"వేళ్లు ఊడుతున్నాయా?" అన్నాను.

"ఊడనీ పెదనాన్నా" అంది.

ఆయన దీనితో వస్తాడో రాడో నాకు తెలీదు. దానికీ తెలీదు. షెడ్డు తాళం నా దగ్గరుంది. పొద్దున తీసి, బోర్డు మీది ఖాళీని ఒకసారి చూసి, గుమ్మంలో కుర్చీ వేసుకుంటున్నాను. కొందరు బోర్డు గురించి అడుగుతున్నారు. వివరించడం మానేశాను. బండి చూపించుకోవడానికి వచ్చినవాళ్లు మేస్త్రీ ఎక్కడికెళ్లిందని అడిగితే, ఏదో పని మీద ఊరెళ్లిందని మొదటి రోజు నీళ్లు నమిలాను. ఇవాళ్టి నుంచి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఒక మంచివాణ్ణి దొంగ అంది, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వెళ్లింది, పడవ పదహారున దిగుతుంది, పదిహేడో తేదీ ఆదివారం మా పిల్ల తిరిగొస్తుంది.