ఏడో గన్నేరు కాయ

ఆ ఆదివారం నేను చేసిన తప్పు, పచ్చగన్నేరు కాయల్ని జామకాయలతో కలిపి అన్నం తినే పళ్లెంలో పెట్టడం. రెండు ఆకుపచ్చల తేడా నీటిరంగుల్లో పట్టాలని నా ఆశ. గన్నేరు గింజ విషమని తెలుసు. తెలిసే పెట్టాను.

తొంభైల్లో అశోక్‌నగర్‌లో ఒక ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఇంటాయన తల్లికి చూపు దాదాపు పోయింది. పెరట్లో నేను బొమ్మ వేస్తుంటే పక్కనే మంచం వేసుకుని కూర్చునేది. ఆ పొద్దున ఇంట్లో వాళ్ళు కవాడిగూడలో పెళ్ళికి పోతూ, "అమ్మను జర చూస్తుండు తమ్మీ" అని నాకు అప్పజెప్పారు.

"బొమ్మ అయినంక జామకాయ నాకొకటియ్యి బిడ్డా" అంది ముసలమ్మ. సరేనన్నాను.

మూడు జామకాయలు, ఏడు గన్నేరు కాయలు వేసేసరికి నీలం రంగు అయిపోయింది. ఆమె కునుకు తీస్తోంది కదా అని, పళ్లెం స్టూలు మీదే వదిలేసి సైకిల్ మీద నారాయణగూడ పోయి ట్యూబు కొనుక్కొచ్చాను.

కూర్చుని బొమ్మ చూశాను, పళ్లెం చూశాను. కాగితం మీద ఏడు గన్నేరు కాయలు. పళ్లెంలో ఆరు. జామకాయలు మూడూ అలాగే ఉన్నాయి.

ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

ముందు ఆమెను లేపాలి. కానీ నేను తడి కుంచె తీసుకుని కాగితం మీది ఏడో కాయను తుడిచాను. ఎవరైనా అడిగితే ఆరే తెచ్చానని చెప్పొచ్చు. లేత మరక మిగిలింది. ఇంకా రుద్దాను. కాగితం పొర లేచింది కానీ మరక పోలేదు. ఎంతసేపు రుద్దానో చెప్పలేను. ఆమె ఊపిరి తీస్తోందో లేదో అప్పటిదాకా చూడలేదని హఠాత్తుగా తట్టింది.

పరుగెత్తి భుజం పట్టుకుని ఊపాను. "అమ్మా! పళ్లెంల కాయ తిన్నరా?"

"గట్ల గుంజుతవేంది, పానం పోతది!" అంటూ లేచి, కొంగుముడి విప్పి కాయ నా చేతిలో పెట్టింది. "జామకాయనే అనుకున్న. తడిమితె గన్నేరుకాయకుండే మూల తగిలింది. కండ్లు పోయినయ్ గని చేతులు పోయినయా? అన్నం పళ్లెంల గన్నేరుకాయలు పెట్టినోణ్ణి నిన్నొక్కణ్ణే చూసిన. నా కొడుకుకు సూపిద్దామని కట్టిపెట్టిన."

ఆ కాయను తీసుకెళ్లి మిగతా ఆరింటి పక్కన పెట్టాను.

ఏడు కాయలూ గోడ పక్కన లోతుగా పాతిపెట్టాను. చిక్కడపల్లి పోయి కొత్త పళ్లెం తెచ్చాను. ఈసారి పక్కింటామెను ఆమె దగ్గర కూర్చోబెట్టే పోయాను. సాయంత్రం ఇంటాయన రాగానే బొమ్మ చేతికిచ్చి, మరక మీద వేలు పెట్టి అంతా చెప్పాను. తల్లిని లేపక ముందు నేనేం చేశానో కూడా చెప్పాను.

"ముందు అమ్మకు ఆ జామకాయ కోసియ్యి పో" అన్నాడు ఆయన.

పెరట్లోని జామచెట్టు నుంచి కొత్తగా ఒక కాయ తెంపి, గింజలు తీసేసి, చిన్న చిన్న ముక్కలు చేసి ఇచ్చాను. ఆమె ఒక్కో ముక్కనూ వేళ్ళతో తడిమి చూసుకుని తింది. నేను పక్కనే కూర్చున్నాను.