మెరుపు మింగిన అద్దం

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. నర్సీపట్నంలో పెళ్లి ఊరేగింపు మీద డ్రోను ఎగిరితే, పెళ్లికొడుకును వదిలేసి అందరూ తలెత్తి దాన్నే చూసే రోజులు. నేనప్పుడే ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. ఎగరేయడం వచ్చిన కొద్ది రోజులకే, ఇక ప్రపంచంలో నాకు రానిది లేదన్న నమ్మకం కూడా వచ్చేసింది. (ఆ వయసులో రెండూ కలిసే వస్తాయి.) దానికి తోడు ఫిల్టర్ల డబ్బా ఒకటి తెప్పించుకున్నాను. కెమెరా కంటికి తొడిగే బుల్లి అద్దాలు. మిట్టమధ్యాహ్నానికి ముదురు నలుపుది, పొద్దు వాలాక లేత నలుపుది, నీటి మీద తళతళను తీసేయడానికి పోలరైజరు. ఏ ఎండకా గొడుగన్నమాట. ఎప్పుడు ఏది పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు గానీ.

పని చెప్పింది మాత్రం మా అమ్మమ్మ. మోకాళ్లు మొరాయించి ఏడాదిగా ఆవిడ పొలం గట్టు ఎక్కలేదు. ఊడ్పులయ్యాయి. కాలవ చివరనున్న మా ఆఖరి మడికి నీళ్లందాయా లేదా అన్నదే ఆవిడ బెంగ. అందాయని పెద్ద మావయ్య రోజూ చెబుతూనే ఉన్నాడు. తను దిగులు పడకూడదని కొడుకు అలా అంటున్నాడని ఆవిడ అనుమానం. "నీ తుమ్మెదేదో ఎగురుద్ది గదా అమ్మీ, ఓపాలి సూసొచ్చి సెప్పు" అంది.

నేను ఊరికే చూసొస్తానా? గట్టు మీద డబ్బా తెరిచి, పెళ్లిచీర ఎంచుకునేవాళ్లలా ఒక్కో అద్దాన్నీ వెలుగుకు పట్టి చూసి, చివరికి పోలరైజరు తొడిగాను. నీళ్లున్న చోట అదే వాడాలని ఎక్కడో విన్నాను మరి. వీడియో నేను కలగన్నట్టే వచ్చింది. ఎక్కడా మెరుపన్నది లేదు. నాటిన ప్రతి మొక్కా పచ్చగా, అడుగున మన్నుతో సహా కనిపిస్తోంది. ఇంటికొచ్చి టీవీకి కలిపి, మెప్పు కోసం పక్కనే నిలబడ్డాను.

అమ్మమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో కళ్లొత్తుకుని, "మడంతా ఎండిపోనాది గదే" అంది.

మావయ్యకు కబురెళ్లింది. తెల్లారకముందే వెళ్లి వంతు నీటి కోసం కాలవ దగ్గర కాపలా ఉన్న మనిషి, మోకాళ్ల దాకా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్లు నిండుగా ఉన్నాయని ఎంత చెప్పినా ఆవిడ వినదే. "నువ్వు నాకోసం అబద్ధమాడతావురా. మిషనెందుకాడుద్ది?" అంది. మావయ్య కాళ్లు కడుక్కోకుండా, అన్నానికి లేవకుండా అలాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. వాళ్లిద్దరి మధ్యా టీవీ రిమోటు పట్టుకుని నేను.

నీళ్లున్నాయనీ, మెరుపును నా అద్దమే మింగేసిందనీ అమ్మమ్మకు విడమరిచి చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మెరుపు తీసీసినాక అది నీరని నాకెలాగ తెలస్తాదే?"

అద్దాల డబ్బా మూసేశాను. వెంటనే మళ్లీ వెళ్లి, ఏ అద్దమూ లేకుండా ఎగరేశాను. సగం బొమ్మ ఎండకు తెల్లగా అయిపోయింది. స్టూడియోలో చూపిస్తే చీవాట్లే. కానీ మడి మడిలోనూ ఆకాశముంది, ఆఖరి మడి అన్నిటికన్నా మిన్నగా మెరిసింది. అమ్మమ్మ గోడ పట్టుకుని టీవీ దాకా నడిచి, ఆ మెరుపు మీద చెయ్యి పెట్టింది. కాసేపటికి అరుగు వైపు తిరిగి, "బేగి కాళ్లు కడుక్కోరా, అన్నం సల్లారిపోతంది" అంది. అంతకు మించి ఆవిడ నోట ఏమీ రాదని మావయ్యకు తెలుసు. లేచాడు.

ఇప్పుడు స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లు ఫిల్టర్ల గురించి నన్నే అడుగుతారు. ఏ ఎండకు ఏదో ఓపిగ్గా చెబుతాను. ఊడ్చిన మడుల మీద మాత్రం నేను ఏదీ పెట్టను. వెలుగెక్కువైందండీ అంటారు. అయితే అయింది. అమ్మమ్మ లేదు. అయినా ఏటా ఊడ్పులయ్యాక ఆఖరి మడి మీద ఒకసారి ఎగరేసి, "అందాయే అమ్మమ్మా" అని పైకే చెబుతాను. ఆనాడు గట్టు మీద అద్దాలు ఎంచుకుంటూ కూర్చున్న ఆ పిల్ల, అంటే అప్పటి నేను, చూస్తే నన్ను చూసి నవ్వుతుంది. నవ్వనీ.