అంటించని అక్షరాలు

మొన్న మా మేనకోడలు తన హెల్మెట్‌కి అంటించుకోవాలని ఒక బొమ్మకాగితాన్ని సాసరు నీళ్ళలో వేసింది. కాసేపటికి కాగితం మీది బొమ్మ జారడం మొదలైంది. "అత్తా, పట్టుకో, కొట్టుకుపోతోంది" అంది. పట్టుకున్నాను. వేలి కొసకి జిగురు తగిలింది. పలచటి గంజిలాంటి జిగురు, గంజిలాంటి వాసన. ఆ వాసనతో పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్ పేటలోని రంగుల కొట్టు, అందులో గట్టిగా నవ్వే ఒక మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. బొమ్మ వంకరగా అతుక్కుందని మేనకోడలు నన్ను తిడుతోంది. నాకు సగమే వినిపించింది.

కూర్మారావు గారి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చారు. ఆయన ఇక్కడే పుట్టారు. మాట్లాడితే సగం తెలుగు, సగం హిందీ. గొంతు పెద్దది, పొట్ట పెద్దది, సొంత గొప్పలు చెప్పుకోవడం వాటికంటే పెద్దది. కొట్టు విమానాశ్రయం గోడకి దగ్గర్లో ఉండేది. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే బేరం మధ్యలో వదిలేసి వీధిలోకి పరుగెత్తేవారు. కొట్టు లోపల, రంగు డబ్బాల పైన, గాలపు దారాలకి వేలాడుతూ ఆయన చేతులతో చేసిన చిన్న విమానాలు ఉండేవి. పెద్ద విమానాలంటే ఆయనకి లెక్కలేదు. "అవి బస్సులు, దీదీ. ఈ చిన్నవాటికే జాన్, ప్రాణం, ఉంటుంది" అనేవారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దాయన నన్ను దీదీ అనడం వెక్కిరింపో గౌరవమో చాలాకాలం తేలలేదు.

విమానం ఒళ్ళు చేయడం తేలికని, చిన్న చిన్న వస్తువులే ప్రాణం తీస్తాయని ఆయన అనేవారు. చక్రాలు, ప్రొపెల్లర్లు, లోపలి సీట్లు, తోక మీది అక్షరాలు. అవేవీ ఈ ద్వీపంలో దొరకవు. చెన్నై నుంచి వచ్చే ఓడలో పనిచేసే తెలిసినవాళ్ళని బతిమాలి తెప్పించుకునేవారు. ఒకసారి మన దేశపు విమానాల అక్షరాలున్న డెకాల్ కాగితం, నీళ్ళలో నానబెట్టి అంటించేది, పంపమంటే, కోరలు చాచిన పులి మొహాలు పంపారు. "ఇది పెడితే ప్రయాణికులు ఎక్కుతారా దీదీ?" అని వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వారు. దొరికిన కాగితాలు కూడా ఇక్కడి చెమ్మకి పసుపెక్కేవి. వాటిని కిటికీ అద్దానికి అతికించి, ఎండకి తెల్లబడేదాకా ఆగేవారు. దొరకనివాటిని తయారు చేసుకునేవారు. చొక్కా గుండీలు చక్రాలయ్యేవి, మాత్రల అట్ట వెనక రేకు సీటు బెల్టయ్యేది.

నేను ఆయన పక్కింట్లో అద్దెకుండేదాన్ని, స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మా నాన్న సంఘసంస్కరణ సభల్లో పెరిగిన మనిషి. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా వాదమే. ఎదుటివాడి మాటలో బలహీనమైన చోటు వెతికి, అక్కడే కొట్టడం నాకు పదేళ్ళకే వచ్చు. నేను దేవుడి మీద, జాతకాల మీద వ్యాసాలు రాసి కొట్టులో చదివి వినిపిస్తే, కూర్మారావు గారు బ్రష్షు కడుక్కుంటూ వినేవారు. "బఢియా హై, బాగుంది. ఎవరి కోసం రాశారు? మీలాంటివాళ్ళ కోసమా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

సునామీ వచ్చిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. మా స్కూల్లో నూకరత్నం అనే ఆయా చేరింది. కార్ నికోబార్‌లో ఆమె భర్త ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. అలలు వచ్చి పోయాక బతికినవాళ్ళని చిన్న విమానాల్లో పోర్ట్ బ్లెయిర్‌కి తెచ్చారు. ఆడవాళ్ళని, పిల్లల్ని ముందు ఎక్కించారు. భర్త ఆమెనీ చంటిపిల్లనీ విమానం మెట్ల దాకా తెచ్చి, "తమ్ముడు కనపళ్ళేదు. చూసి తర్వాతి దాంట్లో వస్తాను" అని వెనక్కి వెళ్ళాడు. అన్నా రాలేదు, తమ్ముడూ రాలేదు. అప్పటినుంచి ఆమె పోర్ట్ బ్లెయిర్ శివారు ప్రోతరాపూర్‌లో అత్త అప్పలనరసమ్మ దగ్గర ఉంటోంది.

ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ ముసలావిడ సోదె అడిగింది. సోదె చెప్పే ఆమె చేటలో బియ్యం పోసుకుని, కళ్ళు మూసుకుని, చనిపోయినవాళ్ళు తన నోట మాట్లాడుతున్నట్టు చెప్పింది. "నీ పెద్దకొడుకు, నీలం సొక్కా ఏసుకున్నోడు, ఇమానం ఎంట పరిగెత్తాడు. ఆపమని సెయ్యి ఊపాడు. నీ కోడలు కిటికీలోంచి సూసింది, సూసి మొకం తిప్పేసుకుంది." ఆ రోజు నుంచి ఇంట్లో కోడలు శత్రువయింది. పిల్లని తన దగ్గర వదిలేసి, విశాఖ ఓడెక్కి పుట్టింటికి పొమ్మంది అత్త.

నూకరత్నం ఈ సంగతి చెప్పి ఏడ్చిన సాయంత్రమే నేను ప్రోతరాపూర్ బస్సెక్కాను. ఆ ఇంటి వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా, సోదె ఎంత మోసమో విప్పి చెప్పాను. అప్పలనరసమ్మ ఒక్కటే అడిగింది.

"నా కొడుకు సొక్కా నీలందని దానికెలా తెలిసింది తల్లీ?"

"మీ కోడలు వచ్చిన రోజే అందరికీ చెప్పింది. ఈ వీధంతా తెలుసు, ఆమెకి తెలియదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలావిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు నూకరత్నం నా మొహంకేసి చూడకుండా, "మీరు రాకపోతేనే బాగుండేది, టీచర్. ఇప్పుడు వచ్చే ఓడకే పొమ్మంటంది" అంది.

కూర్మారావు గారికి చెప్పాను. ఆయన రెక్కకి ఇసుక కాగితం రుద్దుతున్నారు.

"వాదంలో గెలిచారా దీదీ?"

"గెలిచాను."

"అచ్ఛా. అందుకే ఆ పిల్లకి వాళ్ళు ఓడ టికెట్ కొంటున్నారు."

ఆయన చేతిలోది పక్కన పెట్టారు. "సోదెమ్మ చెప్పినదాంట్లో చూడగలిగినది ఒక్కటే ఉంది. కిటికీలోంచి మనిషి కనిపిస్తాడా, కనపడడా? అది దెబ్బలాడి తేల్చేది కాదు, చూసి తేల్చేది" అన్నారు. ఆ వారమంతా ఆయన తన డాబా మీద నిలబడి, దిగిన ప్రతి విమానాన్నీ చూశారు. నూకరత్నం ఎక్కిన రకం, పైన రెక్క, రెండు ఇంజిన్లు ఉన్నది, అప్పటికే మోచేయి పొడవున సగం చేసి పెట్టారు. అక్షరాల కోసం ఆగిపోయింది. ఆయనే ప్రోతరాపూర్ వెళ్ళి, అప్పలనరసమ్మతో ఏం మాట్లాడారో గానీ, "ఈ ఓడ కాదు, పై ఓడ" అనిపించుకొచ్చారు.

"కనిపిస్తుందని తేలితే?" అని అడిగాను.

"దిఖేగా తో దిఖేగా. కనిపిస్తుందనే చెప్తాను."

"అప్పుడు ఆమె గతేమిటి?"

"ఆ పిల్లనే అడిగాను. చెయ్యి బాబూ, తల ఎత్తి చూసుంటే కనిపించేవాడో ఏమో, నాకూ తెలియాలి అంది."

ఏ పక్క కూర్చున్నావని ఆమెని అడిగారు. ఎడమ పక్క, వెనకగా అంది. అంతకు మించి మేమెవరం అడగలేదు. ఆయన ఐస్‌క్రీమ్ కప్పుల ప్లాస్టిక్ కోసి, వేడి నీళ్ళలో వంచి, సీట్లు చేశారు. నేను చూసిన ఆయన పనుల్లో అంత ముచ్చటైనది లేదు. ఒక్కో సీటు చింతగింజంత. దాని వీపు మీద కుట్టు గీతలు కూడా సూదితో గీశారు. అందరికీ పిలిచి చూపించారు. విమానం పైకప్పు తీసి పెట్టేలా చేశారు. కిటికీకి ఎదుటి గోడలో, సీట్లో కూర్చున్న మనిషి కంటి ఎత్తున చిన్న రంధ్రం పెట్టారు. బయట బల్ల మీద అగ్గిపుల్లతో చేసిన మనిషిని నిలబెట్టారు.

నేను రంధ్రానికి కన్ను పెట్టాను. మనిషి కనిపించాడు. కాళ్ళతో సహా, స్పష్టంగా.

కూర్మారావు గారు కూడా చూశారు. అగ్గిపుల్ల మనిషిని అటూ ఇటూ జరిపి మళ్ళీ చూశారు. తర్వాత, "రేపు రమ్మనండి. తనే చూస్తుంది" అన్నారు. వద్దందామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

నూకరత్నం వచ్చి, కన్ను పెట్టకుండా ముందు పైనుంచి లోపలికి తొంగి చూసింది.

"ఇయేటి బాబూ?"

"సీట్లమ్మా. కుర్సీలు."

"కుర్సీలెక్కడియి? కింద కూకోబెట్టారు మమ్మల్ని. ఒకల మీద ఒకలం. నా ఎదర ఒక ముసలాయన, ఆయన మోకాలు నా డొక్కలో. ఇమానంలో కుర్సీలుంటాయా?"

ఆమె జీవితంలో ఎక్కిన విమానం అదొక్కటే. సీట్లుండవనే అనుకుంది, అందుకే చెప్పలేదు. సీట్లుంటాయని మాకు తెలుసు, అందుకే అడగలేదు. అప్పలనరసమ్మ ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆవిడ మనసులో అది ప్రోతరాపూర్ బస్సు. కిటికీ పక్కన చోటు, కిటికీలో కోడలి మొహం. సోదె చెప్పినామె మనసులోనూ అదే బస్సు.

మరొకరయితే అక్కడితో సంబరపడేవారు. కూర్మారావు గారు కొట్టు మూసి, విమానాశ్రయంలో సామాను మోసే మిత్రుడి దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆ వారం ఎక్కువమందిని ఎక్కించడానికి సీట్లు విప్పి ఇక్కడే ఒక షెడ్డులో పేర్చారని, తానూ ఓ చెయ్యి వేశానని అతను చెప్పాడు. తిరిగొచ్చి, కూర్మారావు గారు పట్టకారుతో ఒక్కో సీటూ పీకేశారు. అన్నిరోజుల పని. ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. పాత రంధ్రం పూడ్చి, నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తున కొత్తది పెట్టారు. మళ్ళీ చూశాం. కిటికీ పైకెక్కింది. అగ్గిపుల్ల మనిషిని ఎటు జరిపినా కనపడలేదు.

ప్రోతరాపూర్‌కి బస్సులో విమానాన్ని ఆయన ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నన్ను నోరు మెదపొద్దన్నారు. వాకిట్లో పీట వేసి దాని మీద పెట్టారు. అప్పలనరసమ్మ చాలాసేపు దాని చుట్టూ చూసింది.

"దీనికి పేరు లేదేటి? ఓడకైనా పేరుంటాది కదా."

అక్షరాల కాగితం అప్పటికి చెన్నై నుంచి వచ్చింది. ఈసారి పులులు కాదు, సరైనవే, సరైన కొలతలో. ఆయన జేబులోంచి తీసి చూపించారు.

"అక్షరాలున్నాయమ్మా. ఆ రోజు విమానం మీద ఏ అక్షరాలున్నాయో నీ కోడలికి తెలీదు, నాకూ తెలీదు. అడిగి చూశాను, దొరకలేదు. తెలీంది అంటించను."

"ఏదో ఒకటి అంటిస్తే ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది కదా."

ముసలావిడ ఆ మాటకి ఆయన్ని ఎగాదిగా చూసింది. నా ఉపన్యాసమంతటికీ కదలని మనిషి, ఆ కాగితాన్ని వేళ్ళతో తడిమింది. "ఆ సోదెమ్మ అన్నీ సెప్పింది. తెల్దన్న మాటే అనలేదు" అంది తనలో తనే. తర్వాత నేల మీద బోర్లా పడుకున్నట్టు వంగి, రంధ్రానికి కన్ను పెట్టింది. కూర్మారావు గారు అగ్గిపుల్ల మనిషిని మెల్లగా నడిపించారు.

"ఆకాసమే అవుపిస్తంది" అంది. కోడలివైపు తిరిగింది. "నీకు ఆకాసమే అవుపించిందేటే?"

"అదీ లేదత్తా. పిల్ల మొకమే. మడుసుల మద్దె సీకట్లో అదొక్కటే సూసుకున్నాను."

"ఏడిసిందా పిల్ల?"

ఇన్ని నెలల్లో ఆ ప్రయాణం గురించి ఆవిడ కోడల్ని అడిగిన మొదటి మాట అదే. ఏడ్చిందని, తర్వాత పాలు లేక నిద్రపోయిందని నూకరత్నం చెప్పసాగింది. మేమిద్దరం లేచి వచ్చేశాం. నూకరత్నం ఓడెక్కలేదు. పిల్ల ఇద్దరి దగ్గరా పెరిగింది.

కూర్మారావు గారు పోయి చాలా ఏళ్ళయింది. సోదె మోసమని నేను ఇప్పటికీ అంటాను, ఇంకా గట్టిగా అంటాను. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి చేత కోడల్ని గెంటించబోయిన మాటకి నేనెన్నడూ మర్యాద ఇవ్వను. కానీ ఇప్పుడు వాకిట్లో నిలబడి అనను, లోపలికి వెళ్ళి కూర్చుని ముందు అడుగుతాను. మా నాన్న సభల్లో ఎన్నడూ పలకని మాట ఒకటుంది. వేదిక మీద అది ఓటమి అనేవాడాయన. ఆ మాట నాకు రంగుల కొట్టాయన దగ్గర వచ్చింది.

నూకరత్నం కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ మధ్య వచ్చి, ఏవేవో కబుర్లు చెప్పి, చివరికి అడిగింది.

"టీచర్, మా నాన్న నిజంగా విమానం వెంట పరిగెత్తాడా?"

పరిగెత్తలేదని చెప్పడం తేలిక. అది సోదె చెప్పిన మాట, కొట్టేయడానికి నాకు చెయ్యి దురద. కానీ ఆ చిన్న విమానం తేల్చింది ఒక్కటే. వాళ్ళమ్మ చూడలేదు, చూసే వీలు లేదు. బయట ఏం జరిగిందో ఏ రంధ్రంలోంచీ కనపడలేదు.

"తెలీదమ్మా" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. "అమ్మ కూడా ఇదే అంటుంది. నానమ్మ ఒక్కతే పరిగెత్తాడని చెప్తాది." కాస్త ఆగి నవ్వింది. "చెప్పినప్పుడల్లా వెంటనే, మీ అమ్మకి అవుపించలేదు, అది కింద కూకుంది అని కూడా తనే చెప్తాది."