అవ్వ ఓటు, నా వాదన

మొన్న మా అవ్వ ఓటు కాపాడబోయి నేనే ముంచబోయినా. నవ్వకుండా వింటామంటే చెప్తా!

అవ్వకు ఎనభై ఏడేళ్ళు. ఎనభై ఐదు దాటినోళ్ళకు ఇంటికాడే ఓటని మా బూత్ ఓటర్ల లిస్టు చూసే బీఎల్వో రమణమ్మక్క 12-డి ఫారం తెచ్చింది. "నేను బడికే పోయి వేస్తా" అంది అవ్వ. కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచినదాన్ని, వదుల్తానా? గంటసేపు వాదించి వేలిముద్ర వేయించినా. అక్క ఓటర్ల లిస్టులో వయసు సరిచూసి పంపింది, పైన ఓకే అయింది.

"ఇంక లిస్టులో అవ్వ పేరుకు పోస్టల్ గుర్తు పడతాది పాపా. బూత్‌లో వేయనీరు. టీమ్ ఇంటికి రెండుసార్లే వస్తాది, జాగ్రత్త!" అని మరీ మరీ చెప్పింది.

మొదటిసారి ఏ రోజు వచ్చేదీ మెసేజ్ పెట్టినారు. గవర్నమెంటోళ్ళు చెప్పిన రోజే వస్తారా ఏంది అనుకుని, అదే రోజు అవ్వను కంటాసుపత్రికి తీసకపోయినా. వాళ్ళు ఖచ్చితంగా వచ్చినారు. తాళం చూసి పోయినారు.

ఇంక మిగిలింది ఒకే ఒక్కసారి. వాళ్ళు రెండోసారి వచ్చే పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అవ్వ లేదు! కొత్త చీర కట్టుకుని, పక్కింటి మస్తాన్ మామ ఆటో ఎక్కి బడికి పోయిందంట. పోలింగు రోజు ఇంకా రాకపోయినా, ఓటంటే ఆమెకు బూత్ పెట్టే బడే! మామకు ఫోన్ చేస్తే ఎత్తడు. అంతలో జీపు ఆగింది. ఆఫీసరు, పోలీసు, కెమెరా ఆయన, వెనక రమణమ్మక్క. వచ్చి హాల్లో కూర్చున్నారు.

"ఓటరు ఏరమ్మా?"

"వస్తా ఉంది సార్!"

"పది నిమిషాలు చూస్తాం. ఇంకా తర్లుపాడు పోవాల."

బూత్ లేదు, ఇల్లూ లేదంటే ఓటు పోయినట్టే. ఆ పాపం నాదే! పది నిమిషాలూ అయినాయి. ఆఫీసరు లేచినాడు. నేను పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడి మొదలుపెట్టినా.

"సార్, ఒక పెద్దమనిషి హక్కు మీకు పది నిమిషాలేనా?"

"పాపా..." అంది అక్క.

"మీరాగండక్కా!"

ఆఫీసరు చెయ్యెత్తినాడు. "నన్ను పూర్తి చేయనీండి సార్!" పోలీసాయన కళ్ళతో ఏదో సైగ చేసినాడు. బెదిరిస్తాడా అని గొంతు ఇంకా పెంచినా.

చివరికి అక్కే లేచొచ్చి, నా భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. గడప అవతల అవ్వ, ఓటరు కార్డు పట్టుకుని!

"ఎప్పుడొచ్చినావవ్వా?"

"శానా సేపైంది. బడికి తాళముంది. నువ్వు దారియ్యందే లోపలికి ఎట్ల వచ్చేది?"

కార్డు చూసినారు, ఓటు ఎవరికీ కనపడకుండా అట్ట అడ్డం పెట్టినారు. చూపు తక్కువ కదా, ఆఫీసరు అడిగినాడు: "తోడుకు మనవరాలిని పెట్టుకుంటావా అవ్వా?"

"వద్దు నాయనా! ఇది పక్కనుంటే ఎవరికెయ్యాల్నో నాతో వాదనకు దిగుతాది. బయటికి పంపు."

అవ్వ ఓటు కవర్లో పెట్టి అంటించేదాకా నేను ఎండలో, ఆటో పక్కన నిలబడినా.

"నిన్నెందుకు బయటికి పంపినారు పాపా?" అన్నాడు మస్తాన్ మామ.

"రహస్య ఓటు మామా! రూల్ అది!" అని గట్టిగా చెప్పినా. ఆ రూల్ పెట్టింది అవ్వని మాత్రం చెప్పలా.