తోడల్లుడికొచ్చిన వారంటీ ఉత్తరం

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, పెళ్లి కొత్త, కారు మాత్రం పాతది. ఆ మూడూ నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు గానీ, పెళ్లితోపాటు వచ్చిన తోడల్లుడు మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆయన మా ఆవిడ అక్క భర్త. నానక్‌రామ్‌గూడలో పద్దెనిమిదో అంతస్తులో ఇల్లు, నాకంటే రెండు మెట్లు పైన ఉద్యోగం, నెత్తినిండా జుట్టు. (మొదటి రెండూ ఎలాగో క్షమించేవాణ్ణి, ఆ జుట్టు దగ్గరే కుదర్లేదు.)

ఒక ఆదివారం చందానగర్‌లో మామగారింట్లో భోజనాలకు కూర్చున్నాం. తోడల్లుడు కారులోంచి తెచ్చి బల్లమీద పడేసిన కాగితాల్లో ఒక లావుపాటి కవరు మామగారి కంటబడింది. దానిమీద ఎర్రముద్ర, పెద్ద అక్షరాలతో ‘చివరి నోటీసు’, లోపల బంగారు రంగు కార్డు. ‘ఎంపిక చేసిన వాహన యజమానులకు మాత్రమే’ వారంటీ మరో అయిదేళ్లు పొడిగిస్తారట. మామగారిది అనంతపురం, గొంతు పెద్దది. ఒక్క ముక్క వదలకుండా చదివి, “కారు కంపెనీవాళ్లే రాసినారు సూడప్పా! ఊరికే అందరికీ రాస్తారా?” అని నావైపు చూశారు. “అదేం లేదు మామయ్యా, ఇది...” అని తోడల్లుడు ఏదో అనబోయాడు. ఆ వినయం చూసి నాకు మరీ మండింది. అత్తగారు మురిసిపోయి పెద్దల్లుడి కంచంలో మూడో ఓళిగ వేశారు. నా కంచంలో ఒకటే ఉంది.

ఆ మర్నాటినుంచి ఆఫీసునుంచి రాగానే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దగ్గర ఆగేవాణ్ణి. ఆయనది పాలమూరు వైపు. “నాకేమైనా ఉత్తరం వచ్చిందా?” అంటే, “కరెంటు బిల్లు తప్ప ఏం రాలే సార్. ఏందట్ల పరేషానైతున్నరు, కోర్టు కాయితమా?” అనేవాడు. పది రోజులకి ఓపిక నశించింది. మళ్లీ మామగారింటికి వెళ్లినప్పుడు, టీవీ పక్కన భద్రంగా నిలబెట్టిన ఆ కవరు మీది నంబరు దొంగతనంగా ఫోటో తీసుకున్నాను.

మర్నాడు ఆఫీసు మెట్లమీద నిలబడి ఫోన్ చేశాను.

“మీకు మా లెటర్ అందిందా సార్?” అంది అమ్మాయి.

“అందలేదండి. మా తోడల్లుడికి అందింది.”

ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. (తనంతట తాను ఫోన్ చేసి అడిగినవాణ్ణి ఆ పిల్ల అంతవరకు చూసి ఉండదు.) తర్వాత గొంతులో తేనె పోసుకుని, “మీకు గోల్డ్ ఇవ్వమంటారా, ప్లాటినమా సార్?” అంది.

“ఆయనది ఏది?”

“గోల్డ్ సార్.” (ఆయన పేరు కూడా అడగలేదు.)

“ప్లాటినం,” అన్నాను. ధర ఆ తర్వాత అడిగాను.

వారంలో కవరొచ్చింది. ముద్ర ఆయనదానికంటే పెద్దది. దాన్ని మామగారికి చూపించే అవకాశం కోసం కాచుకుని, ఖాజాగూడలో బంధువుల గృహప్రవేశానికి, తన కారులో రమ్మని తోడల్లుడు పిలుస్తున్నా వినకుండా, అత్తమామల్ని నా కారెక్కించాను. ఖాజాగూడ చెరువు దాకా ప్రయాణం రాజసంగానే సాగింది. అక్కడ బానెట్‌లోంచి పొగ లేచి కారు ఆగిపోయింది. అత్తగారు దేవుణ్ణి తలచుకున్నారు. నేను చిరునవ్వుతో జేబులోంచి కార్డు తీసి, “ప్లాటినం, మామయ్యా” అన్నాను.

ఫోన్ ఎత్తినతను ఇంజన్ అనగానే “అది కవర్ కాదు సార్” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. రోడ్డవతల షెడ్డులోంచి వచ్చిన మెకానిక్, కార్డుతోపాటు వచ్చిన కాగితం వెనకున్న చీమతలకాయంత అక్షరాలు వేలితో చూపిస్తూ చదివాడు. “ఇంజన్ లేదంటున్నడు, గేర్‌బాక్స్ లేదంటున్నడు, ఏసీ లేదు, వైర్లు లేవు. కారు కంపెనీతోని మాకేం సంబంధం లేదని గూడ రాసిండు సార్. ఇగ మిగిలింది హారన్. జర కొట్టుండ్రి, మంచిగున్నదా?”

కొట్టాను. మంచిగానే ఉంది.

అంతలో వెనకనుంచి తోడల్లుడి కారు వచ్చి ఆగింది. కాగితం చూసి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. “డబ్బు కట్టేసినావా తమ్ముడూ? నాకొచ్చినప్పుడే షోరూంలో అడిగినాను. ఎవరో అడ్రస్సులు సంపాదించి కనబడినోళ్లందరికీ పంపుతున్నారంట. ఆ పొద్దే చెప్పబోతే మామయ్య చదవడం ఆపలే.” నేను తలదించుకున్నాను. ఆయన నా భుజం తట్టి, మామగారివైపు తిరిగి, “పాత కారు కదా మామయ్యా, ఎండకు వేడెక్కింది. తమ్ముడు అన్నీ మాట్లాడినాడు. రండి, నా కారులో పోదాం” అన్నాడు. ఆ ఉత్తరం సంగతి ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి దగ్గరా ఎత్తలేదు. మర్నాడు సెలవు పెట్టి నాతో బ్యాంకుకొచ్చి ఫిర్యాదు కూడా రాయించాడు. డబ్బు తిరిగిరాలేదనుకోండి.

ఆ పూట నా కారును ఆయన కారుకు తాడుతో కట్టారు. వెనక కారులో నేనొక్కణ్ణే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ముందు కారులో మామగారు పెద్దల్లుడి పక్కన కూర్చుని దేనికో నవ్వుతున్నారు. నా పరువు నిలబెట్టినందుకు కృతజ్ఞత కలగాల్సిన చోట, ఆ మంచితనం కూడా ఆయనకే దక్కాలా అని కుళ్లిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ వెనక కారులోని కుర్రాడి మీద జాలేస్తుంది. పక్కసీట్లో కూర్చుని “పోనీలేరా” అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వింటాడని నమ్మకం లేదు. ముందు కారు టైర్లు కొత్తవా, పాతవా అని తొంగి తొంగి చూసుకుంటున్నాడు.