పసుపునీళ్లు చల్లిన పుస్తకాలు

మంథని అవతల ఓ సర్కారు బడిలో నాకు మొదటి పంతులు ఉద్యోగం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొద్దికాలమే అయింది. లైబ్రరీ అంటే ఒక బీరువా, దాని తాళంచెవి నా జేబులో. మాదిగవాడ పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాన్ని మాత్రం నేరుగా అందులో పెట్టనిచ్చేవాళ్లు కాదు. చప్రాసి దాన్ని అరుగు మీద పెట్టి, పసుపునీళ్లు చల్లి, ఎండాక నాకిచ్చేవాడు. నేనూ నోరు మూసుకుని తీసుకునేవాణ్ణి. ఎవరు పెట్టిన రివాజో తెలియదు. ఇళ్లలో నేర్చుకున్న రోతను బడిదాకా మోసుకొచ్చారు, అంతే.

వానాకాలం వచ్చింది. ఎండ లేదు, నీళ్లు చల్లడం మాత్రం ఆగలేదు. అట్టలు ఉబ్బాయి, కాగితాలు అతుక్కుపోయి బూజు పట్టాయి. ఒకరోజు పెద్దసారు నన్ను పిలిచాడు.

"వాడోళ్ల పిల్లలు పుస్తకాలు ఖరాబు చేస్తున్నరు. ఇగ వాళ్లకు ఇయ్యకు. నోటీసు రాసి అంటియ్యి."

"ఖరాబు చేసింది మన నీళ్లు గద సార్!"

"మగ్గం నేసే సాలోళ్ల ఇంట్ల పుట్టినోనివి, మడి సంగతి నీకేం తెలుస్తది? చెప్పింది చెయ్."

నేను రాయలేదు. ఆయనే రాసి అంటించాడు. మర్నాడు ఆ వాడ నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల దాని ముందు నిలబడి చివరి అక్షరం దాకా చదివింది. ఆకాశంలో చుక్కల గురించిన పుస్తకం ఒకటి సగం చదివి, గడువైందని అంతకుముందే తిరిగిచ్చింది ఆమె.

"మిగిలింది సదువద్దా సార్?" అని అడిగింది.

ఆ సాయంత్రమే పైఅధికారులకు అర్జీ రాశాను.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పట్నం మనిషి. చట్టం పేరు చెప్పి పెద్దసారును నిలబెట్టి కడిగేశాడు. నోటీసు తన చేత్తోనే చింపాడు. అబద్ధమెందుకు, నా గుండె ఉప్పొంగింది. ఆ పిల్లను పిలిపించమన్నాడు. చుక్కల పుస్తకం తీసి ఆయనకిచ్చాను. ఆమె వచ్చి రెండు చేతులూ చాపింది.

ఆయన జానెడు పైనుంచి వదిలాడు, చెయ్యి తగలకూడదని. పుస్తకం ఆమె వేళ్లకు కొట్టుకుని నేల మీద పడింది.

ఆమె వంగలేదు. ఆయన ముఖంలోకి చూసి, "సార్, పుస్తకం కింద పడ్డది" అంది.

ఆయన వేళ్లు ధోవతికి తుడుచుకున్నాడు. పెద్దసారు మీసాల్లో నవ్వుకున్నాడు. ఛీ! నేను వంగి తీస్తే ఇన్‌స్పెక్టరు తప్పును ఎత్తిచూపినట్టవుతుందని, నా ఉద్యోగానికి ఎసరొస్తుందని జంకాను. అర్జీ రాసిన మొనగాణ్ణి నేనే మరి. చివరికి తీసి దుమ్ము దులిపేసరికి ఆమె గడప దాటింది. నోటీసు పోయింది, కానీ ఆమె మళ్లీ బీరువా దగ్గరికి రాలేదు. తలుచుకుంటే వాళ్లిద్దరి మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది.