తరవాణి కుండ బోర్లించిన రోజు

నా గుండె బలం తగ్గిందని తేలాక డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఒళ్ళు మెల్లగా తగ్గించుకోవాలి. ఉప్పూ నీళ్ళూ అదుపులో పెట్టుకోవాలి, రెండు మూడు రోజుల్లో బరువు గబుక్కున పెరిగితే వెంటనే రావాలి. మొదటి మాట ఇంటిల్లిపాదీ పట్టుకున్నారు. రెండోదాంట్లో బరువు పెరిగితే రమ్మన్నది నేనే మరిచిపోయాను.

మా ఇంట్లో ఉన్నది ధాన్యం తూచే కాటా ఒక్కటే. రోజూ పొద్దున్నే దాని మీదే ఎక్కేదాన్ని. "ఏటే, మన బస్తా ఎంత తూగింది?" అని మా ఆయన నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా అంకె తగ్గుతోంది కదా అని ఊరుకునేదాన్ని.

అన్నం మానేశాను. ఆకలేస్తే మా అత్త తరవాణి ఇచ్చేది. వంటింటి మూలనున్న తరవాణి కుండ ఆవిడ కాపురానికొచ్చిన నాటిది. రోజూ గంజి పోసి పులియబెడుతుంది. మావగారు పోయిన రోజు కూడా దాన్ని ఖాళీగా ఉంచలేదు.

"పులుపు కొవ్వుని కరిగిస్తాది, తాగే," అనేది.

కూరల్లో ఉప్పు మానేశాం. తరవాణిలో వేసుకునే ఉప్పుకల్లు కూడా ఉప్పేనని మాలో ఎవరికీ తట్టలేదు.

తగ్గుతున్న బరువు ఉన్నట్టుండి పెరిగింది. నా నోటికే అదుపు లేదనుకుని, పొద్దుటి ఇడ్లీ కూడా మానేసి ఇంకో చెంబు తాగాను. మర్నాడు ఇంకా పెరిగింది. మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాయి. వాకిట్లోకి వచ్చేసరికి ఆయాసం. కాలు నొక్కి చూస్తే పడిన గుంట అలాగే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, బరువు గబుక్కున పెరిగితే రమ్మని డాక్టరు చెప్పిన మాట. చచ్చిపోతానని భయమేసింది. గుమ్మం పట్టుకుని మా ఆయన్ని కేకేశాను.

ముగ్గురం ఆటోలో విజయనగరం వెళ్ళాం.

"ఏం తింటున్నావమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏటీ తినట్లేదు బాబూ. తరవాణి తాగతన్నాను."

"ఉప్పేసుకునా?"

మా అత్త మొహం చూడలేకపోయాను. పెరిగింది కొవ్వు కాదట, నీరట. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి పట్టేదట.

నీరు లాగేశాక ఇంటికి పంపారు. వచ్చి చూస్తే తరవాణి కుండ నూతి దగ్గర బోర్లించి ఉంది.

"ఎందుకత్తా?" అన్నాను.

"నువ్వుండాల గానీ, కుండదేటుందే," అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ మాటకి నాకు ధైర్యం రావాలి. రాలేదు. ఆ కుండనే వదులుకుందంటే నా ప్రాణానికి ఎంత ముప్పొచ్చిందో అనిపించింది.

మర్నాడు పొద్దున్న కాటా ఎక్కాను. మా ఆయన వంగి అంకె చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పెరగలేదులే," అన్నాడు మెల్లగా. ఇక దిగమన్నట్టు చెయ్యి అందించాడు.

నేను దిగలేదు. ఎప్పట్లా బస్తా అని నవ్వుతాడేమోనని అలాగే నిలబడ్డాను.